కడియం రాని మొక్క

(నర్సరీలకు పేరుపడ్డ కడియం దగ్గరి కడియపులంకలో నర్సరీ రైతులు, విద్యార్థులు కలిసిన సమావేశంలో ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారం. అగస్త్యకూడం ఎక్కిన సంగతి చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను. దారి గురించి చెబుతాను, తాళ్ళు పట్టుకుని ఎక్కే బండల గురించి చెబుతాను. కానీ నేను ఇంత దూరం వచ్చింది ఒక మొక్క గురించి చెప్పడానికి. మీ ఊళ్ళో లేని మొక్క గురించి. కడియంలో లేని మొక్క ఉంటుందా అని మీలో కొందరు నవ్వుతున్నారు, నాకు కనబడుతూనే ఉంది. నవ్వండి. మా వదిన కూడా కొండ ఎక్కేముందు అదే మాట అంది.

మా వదిన మీకు తెలిసిన మనిషే. అదిగో, రెండో వరసలో కూర్చుంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఇక్కడే, ఈ ఒండ్రుమట్టిలోనే మొక్కలు కడుతోంది. గాలి అంటు, నేల అంటు, కొమ్మ ముక్కలు, ఏదైనా సరే, ఆమె చేతిలో వేరు పట్టని మొక్కను నేను చూడలేదు. నేను కాలేజీలో ముప్పై మంది పిల్లలకు పటం గీసి చెప్పిన పాఠాన్ని ఆమె చేత్తో చేసి చూపిస్తుంది. కొండకు నాకు తోడుగా వచ్చింది ఆమే. ఇంకెవరైనా తోడు వచ్చి ఉంటే నేను వేరే కొండను చూసి ఉండేదాన్ని. ఈ మాట ఎందుకు అంటున్నానో వింటూ ఉంటే మీకే తెలుస్తుంది.

ముందు కొండ ఎక్కడుందో చెప్పాలి కదా. పడమటి కనుమలు దక్షిణాన ముగిసిపోయే చోట, కేరళకూ తమిళనాడుకూ సరిహద్దులో ఉంది. ఎత్తు 1,868 మీటర్లు. మనకు ఎత్తంటే ఏమిటి? ఏటిగట్టు. ఏటిగట్టు ఎక్కితే చాలు, అటు గోదావరి, ఇటు ఊళ్ళు, కొబ్బరి తోటలు అన్నీ కనబడతాయి. సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తున పుట్టి, అదే ఎత్తున పెరిగిన కాళ్ళు మనవి. అందుకని వెళ్ళేముందు వదినా నేనూ కోరుకొండ మెట్లు ఎక్కి దిగాం, చాలాసార్లు. ఆ మెట్లు ఎంత నిటారుగా ఉంటాయో ఇక్కడి వాళ్ళకు చెప్పనక్కరలేదు. అయినా ఒక మాట చెబుతాను, మెట్టు మెట్టే, అడవి అడవే. మెట్టు మీద అడుగు ఎక్కడ వేయాలో ఎప్పుడో ఎవరో నిర్ణయించి పెట్టారు. అడవిలో ప్రతి అడుగూ మనమే నిర్ణయించుకోవాలి. వేరు మీద వేయాలా, రాయి మీద వేయాలా, ఆ రాయి తడిగా ఉందా, ఆకుల కింద గుంట ఉందా? సాయంత్రానికి కాళ్ళకన్నా ముందు బుర్ర అలసిపోతుంది.

అగస్త్యుడు మనకు కొత్తవాడు కాదు. పసిపిల్లలకు పాలు పట్టి పొట్ట నిమురుతూ మన పెద్దవాళ్ళు ఏమంటారు? జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం. ఆ వాతాపిని జీర్ణం చేసుకున్నవాడే ఈయన. వింధ్యను వంచి, నేను తిరిగి వచ్చేదాకా ఇలాగే ఉండమని చెప్పి దక్షిణానికి వచ్చి, ఇక తిరిగి వెళ్ళనివాడు. వెళ్ళకుండా ఎక్కడున్నాడు అంటే, ఈ కొండ మీదే ఉన్నాడని అక్కడి నమ్మకం. శిఖరం మీద ఆయన విగ్రహం ఉంది. తమిళులు ఆయన్ను సిద్ధవైద్యానికి మూలపురుషుడిగా కొలుస్తారు. మందు మొక్కలకు పేరుపడ్డ కొండ మీద వైద్యుడైన ముని ఉన్నాడనడం నాకైతే ఎంతో సహజంగా అనిపించింది.

ఆడవాళ్ళు చాలాకాలం ఈ కొండ ఎక్కడానికి వీల్లేకపోయింది. 2018లో కేరళ హైకోర్టు, ఆడా మగా అనే తేడా చూపకూడదని తీర్పు చెప్పింది. 2019 జనవరిలో ధన్యా సనల్ అనే ఆవిడ ఎక్కారు, ఆ తీర్పు తర్వాత మొదటి మహిళ ఆవిడే. ఆ సమయంలో అక్కడి కాణి గిరిజనులు కొందరు నిరసన తెలిపారు. అది వాళ్ళ దేవుడి చోటు, వాళ్ళ ఆచారం. నా అభిప్రాయం అడిగితే తీర్పు సరైనదే అంటాను, గట్టిగా అంటాను. అడవి ప్రభుత్వానిది అయినప్పుడు, మగవాడికి ఇచ్చే అనుమతి చీటీ ఆడమనిషికి ఎందుకివ్వరు? కానీ వదినా నేనూ బయలుదేరేముందే ఒకటి అనుకున్నాం. శిఖరం దాకా వెళదాం, విగ్రహానికి మాత్రం ఎడంగా నిలబడి దణ్ణం పెట్టుకుందాం అని. నడిచే హక్కు మాకుంది. పూజ వాళ్ళది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు రావక్కరలేదు అని నేను నమ్ముతాను.

సరే, దారిలోకి వద్దాం. తిరువనంతపురం నుంచి విదుర మీదుగా బోణక్కాడు అనే చోటికి వెళ్ళాలి. పాత తేయాకు తోట. అక్కడ అటవీశాఖ వాళ్ళు అనుమతి పత్రాలు, సంచులు చూస్తారు. ప్లాస్టిక్ పోనివ్వరు, పూజ సామాను పోనివ్వరు. చాలా మంచి పని. మొదటి రోజు అక్కడి నుంచి అదిరుమల అనే మకాం దాకా నడక, సుమారు పధ్నాలుగు పదిహేను కిలోమీటర్లు. రెండో రోజు శిఖరం ఎక్కి మళ్ళీ అదిరుమలకు దిగాలి. మూడో రోజు బోణక్కాడు.

మొదట కొంత దూరం తేలిక. వాగులు, నీడ. జనవరి నెలండి, వానలు తగ్గి చాలా రోజులైంది. అయినా వాగుల్లో నీళ్ళు పారుతూనే ఉన్నాయి. ఎందుకు? ఆ కొండకు నైరుతి రుతుపవనాలూ అందుతాయి, మనకు తుపాన్లు తెచ్చే ఈశాన్య రుతుపవనాల కాలంలోనూ వాన పడుతుంది. పడిన వానను ఆ అడవి ఒక్కసారిగా వదిలిపెట్టదు. రాలిన ఆకుల పొర, వేళ్ళు, నాచు అన్నీ పీల్చుకుని, నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులుతాయి. తమిళనాడులో వరి పండించే తామ్రపర్ణి అక్కడ పుట్టిందే. నెయ్యారు అక్కడ పుట్టిందే. మన దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, గోదావరి చాలక సీలేరు నీళ్ళ కోసం ఎదురుచూసే రైతులు ఇక్కడ ఉన్నారు కదా? సీలేరుకు నీళ్ళు ఎక్కడివి? తూర్పు కనుమల అడవులవి. ఇక్కడ బల్లపరుపు నేల మీద కూర్చుని మనం తినే అన్నంలో కొండల మీది అడవి ఉంది. ఆ వాగు దాటుతూ ఈ లెక్క వేసుకున్నాను. ఈ విషయం మీద ఇంకా చాలా చెప్పవచ్చు, ఇవాళ మొక్క దగ్గరికి వెళ్ళాలి కనుక ఆపుతున్నాను.

వాగుల తర్వాత గడ్డి మైదానం వస్తుంది. నీడ ఉండదు. ఏనుగులు తిరిగే చోటు. మా వెంట వచ్చిన గైడు కాణి ఆయన, నలభై ఏళ్ళుంటాయి, సన్నగా, నేల మీద చప్పుడు లేకుండా నడుస్తాడు. అక్కడ మాట్లాడవద్దు అన్నాడు. ఎవరమూ మాట్లాడలేదు. అది దాటాక అసలు ఎక్కుడు మొదలు. ఒక చోటు ఉంది, ముట్టిడిచ్చాన్ అంటారు. అక్కడ ఎక్కుతుంటే ఎత్తిన మోకాలు వచ్చి ఛాతీకి తగులుతుంది. ఊరికే అనడం కాదు, నిజంగా తగులుతుంది. ఊపిరి అందదు. పది అడుగులకు ఒకసారి ఆగాలి.

ఇక్కడే చెబుతున్నాను, తోడు గురించి. మేము ఆగిన ప్రతిసారీ నేను చెట్టు పైకి చూస్తాను. నాగకేసరం ఎంత ఎత్తు పోయింది, పలకల్లా పరుచుకున్న వేళ్ళు ఏ చెట్టువి, నల్ల కొండముచ్చు ఏ కొమ్మ మీద ఉంది అని. నా చదువు నాకు నేర్పింది అది. వదిన ఒక్కసారి కూడా పైకి చూడలేదు. కిందికి చూస్తుంది. మోకాళ్ళ కింద ఏముందో చూస్తుంది. ఫెర్న్‌లు, బిగోనియాలు, రాతి చెమ్మ మీద అంటుకున్న చిన్న చిన్న ఆర్కిడ్లు. "అమ్మాయ్, ఇది చూడు, మనం కొబ్బరి పొట్టు పెట్టి, రోజుకు మూడుసార్లు పిచికారీ చేసి, షేడ్‌నెట్ కట్టి బతికించుకునేది ఇదే. ఇక్కడ ఎవరూ ఏమీ చేయకుండానే ఉంది" అంది. ఆ గొంతులో ఆశ్చర్యం ఉంది, కొంత బాధ కూడా ఉంది. జీవితమంతా ఆమె తన నాలుగు గెడలకూ నెట్ కట్టి తయారు చేస్తున్నది ఈ నీడనే అని ఆమెకు అప్పుడే అర్థమైంది. నాకు అర్థమవడానికి ఆమె కావాల్సి వచ్చింది. పైకి చూసే నాకు కింద ఉన్న అడవి కనబడలేదు. ఎక్కుడు అంత నిటారుగా లేకపోతే మేము అన్నిసార్లు ఆగేవాళ్ళం కాదు, ఆగకపోతే ఆమె చూసేది కాదు.

గైడు ఇదంతా గమనిస్తున్నాడు. ఈవిడ మొక్కల మనిషి అని ఆయనకు తెలిసిపోయింది. ఆయన మాట్లాడేది మలయాళం, కొంత తమిళం, వదినది మన తెలుగు. మధ్యలో నా అరకొర తమిళం. కానీ మొక్క దగ్గర వాళ్ళిద్దరికీ నా అవసరం పెద్దగా రాలేదు. ఒక వాగు పక్కన, బాగా నీడ ఉన్న చోట ఆయన వంగి, చేయి పెట్టకుండా వేలితో చూపించాడు. జానెడు మొక్క. హృదయాకారపు ఆకు. అంతే. మీరైతే అది మొక్కని కూడా గుర్తించరు. దాన్ని ఆరోగ్యపచ్చ అంటారు. శాస్త్రీయ నామం ట్రైకోపస్ జైలానికస్. మన పెండలం కుటుంబానికే చెందుతుంది. పెండలం దుంప మనం పులుసులో వేసుకుంటాం కదా, దాని బంధువు.

ఇప్పుడు దాని కథ చెబుతాను, జాగ్రత్తగా వినండి. 1987లో డాక్టర్ పుష్పాంగదన్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం ఈ కొండల్లోనే తిరుగుతున్నారు. గిరిజనులకు ఏ మొక్కలు తెలుసో నమోదు చేసే పని. వాళ్ళకు దారి చూపడానికి కాణి వాళ్ళు వెంట ఉన్నారు. ఇదే ఎక్కుడు, ఇదే ఆయాసం. శాస్త్రవేత్తలు కూలబడిపోతున్నారు. కాణి వాళ్ళు మాత్రం అలసట లేకుండా నడుస్తున్నారు. మధ్యమధ్య ఏవో చిన్న కాయలు నోట్లో వేసుకుంటున్నారు. అవి ఏమిటని అడిగితే మొదట చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? అది వాళ్ళ తాతల నాటి రహస్యం. తర్వాత, దుర్వినియోగం చేయబోమని మాట తీసుకుని చూపించారు. చూపించినది ఈ మొక్కనే.

అంటే, దాన్ని కనుక్కున్నది ఎవరు? ప్రయోగశాలా? కాదు. కొండ ఎక్కుతున్న ఇద్దరిలో ఒకరు అలసిపోయారు, ఇంకొకరు అలసిపోలేదు. అలసిపోయినవాడు పక్కవాణ్ణి అడిగాడు. పాలోడులోని ఉష్ణమండల వృక్షోద్యానవన పరిశోధనా సంస్థ దాన్ని పరీక్షించింది, అశ్వగంధ, పిప్పలి, విష్ణుక్రాంతతో కలిపి జీవని అనే మందు తయారు చేసింది. 1990ల మధ్యలో కోయంబత్తూరులోని ఆర్య వైద్య ఫార్మసీకి తయారీ హక్కు ఇచ్చారు. పది లక్షల రూపాయల రుసుము, అమ్మకాల మీద రెండు శాతం రాయల్టీ. అందులో సగం కాణి వాళ్ళకు చెందాలని నిర్ణయించారు, దానికోసం 1997లో వాళ్ళదే ఒక ట్రస్టు ఏర్పడింది. గిరిజనుల జ్ఞానానికి ప్రతిఫలం ముట్టచెప్పాలన్న మాట అప్పటికి ప్రపంచంలో ఎక్కడా అంత మామూలు మాట కాదు. అందుకే ఈ కథ చాలా దేశాల్లో పాఠంగా చెబుతారు.

అంతా సవ్యంగా జరిగిందా? జరగలేదు. కాణి వైద్యుల్లో కొందరు, మమ్మల్ని అడగకుండా మా విద్య ఎలా అమ్ముతారని అభ్యంతరం చెప్పారు. వాళ్ళు అన్నదాంట్లో న్యాయం ఉంది. ఇద్దరు ముగ్గురు గైడులు చూపించినంత మాత్రాన అది జాతి మొత్తం ఇచ్చినట్టు అవుతుందా? ఇంకో చిక్కు, ఆకు ఎక్కడి నుంచి తేవాలి? అడవిలో కోస్తే మొక్కే మిగలదని అటవీశాఖ అడ్డుపడింది. మరి పెంచుదామంటే, ఇది మీరు వినాలి, నర్సరీ వాళ్ళంతా వినాలి. దాని సొంత చోటు బయట పెంచితే మొక్క మొలుస్తుంది, ఆకు వేస్తుంది, కానీ ఆ గుణం ఉండటం లేదని పరిశోధకులు గమనించారు.

ఆ సాయంత్రం అదిరుమల మకాంలో నేను ఇదంతా వదినకు చెప్పాను. చలి. వేడి కంజి పోశారు, కంజి అంటే మన గంజన్నం. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది, నీడ చాలలేదా, మట్టి మార్చి చూశారా, చెమ్మ ఎంత పెట్టారు అని. ఆమె అడిగే ప్రశ్నలు చాలా మంచి ప్రశ్నలు, ఏ పరిశోధకుడైనా అడగవలసినవి. గైడు పక్కనే ఉన్నాడు. నేను ఆయనకు చెప్పాను, ఈవిడ దీన్ని వాళ్ళ ఊళ్ళో పెంచగలనా అని అడుగుతోంది అని. ఆయన అన్నాడు, "అక్కకు చేతనవుతుంది, పెరుగుతుంది. ఎక్కడానికి అక్కడ కొండ ఏది?" అని.

వదిన ఆ మాటను ఎలా తీసుకుందో చూడండి. నొచ్చుకోలేదు. సరిగ్గా అన్నాడు అంది. మరునాడు పొద్దున మళ్ళీ అదే జాతి మొక్క దారి పక్కన కనబడితే, ఒంగి చూసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. నలభై ఏళ్ళుగా మొక్క కనబడితే కణుపు వెతికే చేతులవి. కడియపులంకలో ఎంతమంది అలా చేతులు వెనక్కి కట్టుకోగలరు? ఆ రోజు ఆమె ఎక్కిన కొండలన్నిటిలోకీ నిటారు కొండ అదే అని నేను అనుకుంటాను.

రెండో రోజు దారి తక్కువ దూరం, ఎక్కువ కష్టం. వెదురు, తర్వాత పొంగాలప్పార అనే రాతి పరుపు. అది దాటాక చెట్లు పొట్టిగా అయిపోతాయి. గాలికి వంగి, ఒళ్ళంతా నాచు పట్టి ఉంటాయి. బండల అంచున సన్నగా, పొడుగ్గా ఒక తాటి జాతి చెట్టు కనబడుతుంది, మన పోకచెట్టు పోలిక. బెంటింకియా కొండపన్న అంటారు. పడమటి కనుమల దక్షిణ భాగంలో తప్ప ఎక్కడా సహజంగా పెరగదు. చివర నున్నటి బండలు. తాళ్ళు కట్టి ఉంటాయి. తాడు పట్టుకుని, పాదం బండకు ఆనించి, ఒంటిని వెనక్కి వాల్చి ఎక్కాలి. ముందుకు వంగితే జారిపోతారు. భయం వేస్తే మనిషి ముందుకే వంగుతాడు, అదే చిక్కు. గైడు ఇది ఒక్కసారి చేసి చూపించాడు. వదిన ముందు ఎక్కింది, నేను వెనక ఎక్కాను. ఆమె పాదం ఎక్కడ పెడితే నేను అక్కడే పెట్టాను.

పైన గాలి విపరీతం. మబ్బు వచ్చిపోతోంది. మబ్బు తొలగినప్పుడు అటు తమిళనాడు, ఇటు కేరళ. ఈ శిఖరం మీదే 1855లో జాన్ అలన్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త, తిరువనంతపురం వేధశాల అధిపతి, పరిశీలనా కేంద్రం పెట్టాడు. వాతావరణం, అయస్కాంత పరిశీలనలు. నేను ఆ తాళ్ళు చూసి ఒకటే ఆలోచించాను, ఆ పెట్టెలు, ఆ పరికరాలు ఈ బండల మీదుగా ఎవరి వీపుల మీద పైకి వచ్చాయి అని. అనుకున్నట్టే విగ్రహానికి ఎడంగా నిలబడి దణ్ణం పెట్టుకున్నాం. గైడు దగ్గరికి వెళ్ళి మొక్కాడు.

దిగడం గురించి ఒక్క మాటే చెబుతాను. ఎక్కేటప్పుడు ఊపిరితో పని, దిగేటప్పుడు మోకాళ్ళతో పని. చేతికర్ర తప్పనిసరి.

ఇప్పుడు మీతో నాకున్న పని. ఆ కొండల్లోనే ఒక ఆర్కిడ్ ఉండేది, పాఫియోపెడిలం డ్రూరీ. పసుపు పువ్వు, చెప్పు ఆకారం. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు. ఉండేది అని ఎందుకు అంటున్నాను? అమ్మకం కోసం అడవిలో దాదాపు కనుమరుగయ్యేదాకా తవ్వుకుపోయారు. తవ్వినవాళ్ళు దుర్మార్గులు కారు, మొక్కలంటే ఇష్టం ఉన్నవాళ్ళే. కొన్నవాళ్ళకు ఇంకా ఇష్టం. ఇప్పుడు అది వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షిత మొక్క. అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధం ఉంది. మనది మొక్కలు అమ్మే ఊరు. మన లారీలు ఏ ఏ రాష్ట్రాలకు పోతున్నాయో మీకే బాగా తెలుసు. ఎవరైనా సంచిలో అడవి ఆర్కిడ్ తెచ్చి, వేళ్ళకు ఇంకా నాచు అంటుకుని ఉండగా, చవగ్గా ఇస్తామంటే వద్దనండి. తల్లిమొక్క ఎక్కడిదని అడగండి. నర్సరీలో పెంచిన తల్లిమొక్క అయితే దాని చరిత్ర చెబుతారు. చెప్పలేకపోతే అది కొండ మీది నుంచి వచ్చిందని అర్థం. ఈ ప్రశ్న అడిగే అలవాటు కడియంలో మొదలైతే దేశమంతా దాని ప్రభావం ఉంటుంది, ఎందుకంటే దేశమంతా మీ దగ్గరే కొంటుంది.

చదువుకునే పిల్లలకు ఒక మాట. అగస్త్యకూడానికి అనుమతులు కేరళ అటవీశాఖ ఏటా జనవరి, ఫిబ్రవరి యాత్ర కోసం ముందుగా ఆన్‌లైన్‌లో ఇస్తుంది. రోజుకు పరిమితంగానే పంపుతారు, త్వరగా అయిపోతాయి. ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. వెళ్ళేటప్పుడు మీలాంటి వాళ్ళనే తోడు తీసుకుపోకండి. మీకు తెలియని పని తెలిసిన మనిషిని తీసుకువెళ్ళండి, చేపలు పట్టేవారో, వడ్రంగో, మీ అమ్మమ్మో. గైడు ముందు నడుస్తుంటే ఆయన ఎక్కడ ఆగాడో చూడండి, ఎందుకు ఆగారని అడగండి. చెబితే వినండి. చెప్పకపోతే వదిలేయండి, అది ఆయన ఇష్టం.

కాళ్ళకు ఏ బూట్లు, జలగలకు ఏమి రాసుకోవాలి, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు వెళ్ళవచ్చా, ఇలాంటివి అడగాలనుకునేవారు ఉంటారు. వాటికి నాకన్నా బాగా జవాబు చెప్పే మనిషి రెండో వరసలో ఉంది. వదినా, రండి. మైకు తీసుకోండి.